గులకరాయి పుట్టిన ఊరు

గుడివాడలోనో, మచిలీపట్నంలోనో రోడ్డుకు పోసిన గ్రావెల్ కుప్పను చూచినచో రంగురంగుల గులకరాళ్ళు కనిపించును. ఒకటి పాలవలె తెల్లనిది, ఒకటి ఇటుకవలె ఎర్రనిది, ఇంకొకటి చారలు గలది. వానిని ఏరి పెట్టెలో దాచుకొనుట పిల్లలకు సరదా. కాని ఆ రాళ్ళు ఆ ఊరివి కావు.

కృష్ణా డెల్టా నది తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన నేల. విజయవాడ దగ్గర కొండల నడుమనుండి బయటపడిన నది, వాలు తగ్గుటచే, క్రమముగా మందగించును. బరువైన గులకరాళ్ళు ఎగువనే నిలిచిపోవును. సన్నని ఇసుక, బురద మాత్రమే దిగువకు చేరును. అందుచేత పులిగడ్డ దగ్గర చీలిన పాయల నడుమనున్న దివిసీమలో నేల త్రవ్వినచో మట్టి, ఇసుక తగులునే కాని రాతిపొర తగలదు. ఘంటసాల బౌద్ధస్తూపమునకు వాడిన సున్నపురాయి సైతము ఎగువ సీమనుండి తెచ్చినదే.

వింత ఏమనగా, రాయి పుట్టని ఈ సీమలోని రేవునుండియే కృష్ణ ఒడ్డు గులకనేలల కథ ప్రపంచమునకు తెలిసినది. 17వ శతాబ్దమున మచిలీపట్నము గోలకొండ రాజ్యమునకు ముఖ్యమైన రేవు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో ఇక్కడ వర్తకము ప్రారంభించినది. ఆ వర్తకస్థానమునకు పెద్దగా ఉండిన విలియం మెత్వోల్డ్ ఎగువనున్న వజ్రపు గనిని స్వయముగా పోయి చూచినాడు. అక్కడ సుమారు 30,000 మంది పనిచేయుచుండిరని ఆయన అంచనా. కొందరు త్రవ్వుదురు, కొందరు గంపలతో మన్ను మోయుదురు, కొందరు ఊటనీరు తోడిపోయుదురు. ఆ మన్నును చదునైన చోట పలుచగా పరచి, ఎండినపిమ్మట గడ్డలు చితుకగొట్టి, గులకరాళ్ళను ఏరివేసి, మిగిలినదానిని జల్లించి వజ్రములు వెదకుదురు. ఈ వృత్తాంతము 1626లో లండనులో అచ్చయినది.

తరువాత కొల్లూరు గనిని చూచిన ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే అక్కడ 60,000 మంది పనిచేయుట కలదని వ్రాసినాడు. పురుషులు త్రవ్వగా స్త్రీలు, పిల్లలు మన్ను మోయుచుండిరి. కడిగి ఆరబెట్టిన మన్నును ధాన్యమును చెరిగినట్లు చెరిగెడివారట. ఆ గని బయటపడిన తీరు కూడ ఆయన చెప్పినాడు: ఒక పేదవాడు పైరు వేయుటకు నేల చదునుచేయుచుండగా మొనదేలిన రాయి ఒకటి దొరికినదట. 1676లో వెలువడిన ఆయన గ్రంథములో గని కనుగొన్నవాని పేరు లేదు. చెరిగిన చేతుల పేర్లును లేవు.

ఆ కూలివారి పనిలో శాస్త్రము కలదు. వజ్రము అదే పరిమాణము గల నీటికంటె 3.5 రెట్లు బరువు. పలుగురాయి 2.65 రెట్లు మాత్రమే. పారు నీరు తేలికవానిని ముందుకు నెట్టి, బరువైనవానిని గుంటలలో, గులకల సందులలో విడుచును. అందుచేతనే వజ్రము గులకపొరలో దొరకును. కాని అది అక్కడ పుట్టినది కాదు. భూగర్భమున 150 కిలోమీటర్లకు మించిన లోతున పుట్టి, కింబర్లైట్, లాంప్రొయిట్ అను అగ్నిశిలలతో పైకి వచ్చును. ఈ సంగతి 1870 తరువాత దక్షిణాఫ్రికాలోని కింబర్లీ గనుల వలన తెలియవచ్చినది. మన జగ్గయ్యపేట పరిసరములందు కూడ లాంప్రొయిట్ రాళ్ళు బయటపడినవి. అయినను కొల్లూరు, పరిటాల వజ్రములు ఏ రాతినుండి వచ్చినవో శాస్త్రజ్ఞులు ఇంకను చర్చించుచునే ఉన్నారు.

ఈ చర్చకు నేడు ఆధారమేమి? కొల్లూరు గనుల తావు పులిచింతల జలాశయము క్రింద మునిగినది. ఆ జలాశయము 2013లో ప్రారంభమయినది. అక్కడికి పోయి చూచుట ఇపుడు కష్టము. మిగిలినవి పాత వ్రాతలే. 1677లో లండను రాయల్ సొసైటీ పత్రికలో వచ్చిన ఒక వర్ణనలో గోలకొండ రాజ్యపు గనులు 23 పేర్కొనబడినవి. గనుల పేర్లు, అక్కడి మన్ను తీరు అందులో కలవు. అవే ఈనాడు భూగర్భశాస్త్రజ్ఞునకు దారి చూపును. దీనికి ఎదురుగా కోహినూరును చూడుడు. అది కొల్లూరు వజ్రమని అందరు అందురు. కాని దొరికిననాడు వ్రాసిపెట్టిన ఆధారమేదియు లేదు. అంత గొప్ప రత్నము తన పుట్టుకను గురించి మనకేమియు చెప్పజాలదు.

కాబట్టి విద్యార్థులు రాళ్ళు సేకరించునపుడు వెలకంటె చోటును ముఖ్యముగా తలపవలెను. రోడ్డుప్రక్క కుప్పలోని రాయికంటె గ్రావెల్ గుంటలోని పొరనుండి తీసినది మేలు. ఉపాధ్యాయునితో కలిసి, గుంట యజమాని అనుమతితో పోవలెను. నిట్టనిలువు అంచుల క్రింద నిలువరాదు, అవి విరిగిపడును. ప్రతి రాతికిని ఒక చీటీ ఉండవలెను. తేదీ, ఊరు, పైనుండి ఎంత లోతు, పొర రంగు, ప్రక్కన దొరికిన ఇతర రాళ్ళు అందు వ్రాయవలెను. రాయిమీద సంఖ్య వేసి, అదే సంఖ్యను నోటుపుస్తకమున ఎక్కింపవలెను.

గుంటలు పూడిపోవును, ఊళ్ళు మునిగిపోవును. చీటీ నిలిచినచో రెండణాల విలువచేయని గులకరాయి కూడ నది నడిచిన దారిని చెప్పును.