కొత్తపట్నము వేసవి పాఠశాల



పరీక్షలు ముగిసిన పిల్లలకు వేసవి యెంత దీర్ఘమో గ్రామములందలి పెద్దలకు దెలియనిది కాదు. మామిడితోపులలో కోతికొమ్మచ్చి, చెరువులలో ఈత, వెన్నెల రాత్రుల కబుర్లు, ఇట్లు దినములు దొర్లిపోవును. అది తప్పు కాదు. అయినను ఆ సెలవులను వేఱొక రీతిని గడపిన యువకుల చరిత్ర యొకటి కలదు.

ఆచార్య రంగాగారు నిడుబ్రోలులో రైతు విద్యాలయము నెలకొల్పి, గ్రామయువకులకు రైతు సమస్యలను బోధించుచుండిన దినములవి. 1937 మే నెలలో, ఒంగోలునకు చేరువనున్న కొత్తపట్నము సముద్రతీరమున, ఆర్థిక రాజకీయ శాస్త్రములను బోధించు వేసవి పాఠశాల యేర్పడెను. విద్యార్థులును, యువకులును అచట చేరిరి.

అప్పటికి మద్రాసు రాజధానిలో కాంగ్రెసు ఎన్నికలందు గెలిచియు పదవులు స్వీకరింపకుండెను. ఏప్రిలు మొదలు జులై వఱకు కూర్మా వెంకటరెడ్డినాయుడుగారి తాత్కాలిక మంత్రివర్గము పాలించెను. ఆ ప్రభుత్వము పాఠశాలను నిషేధించెను. విద్యార్థులు కదలలేదు. పోలీసులు లాఠీలతో చెదరగొట్టిరి. కొందఱు చెఱసాలల పాలైరి.

ఆ వార్త విన్న తల్లిదండ్రుల కెంత కలత కలిగియుండునో యూహింపుడు. పాఠము వినుటయే నేరమైనది! చదువునకు ప్రభుత్వమే భయపడునంతటి బలము గలదని ఆ యువకులు గ్రహించి యుందురు.

నేడును పరీక్షలు ముందుగా ముగిసిన బాలురు మన యిండ్లలో నున్నారు. వారిని సోమరులని కసరుటకు ముందు, ఏమి తెలిసికొనగోరెదరో చెంత కూర్చుండబెట్టుకొని యడుగుడు. ఆ ప్రశ్న పెద్దలే యడుగవలెను.