మూసీ యొడ్డున కాపురములు



మన పల్లెలలో ఇల్లు కట్టదలచినవాడు సింహద్వారము ఏ దిక్కున నుండవలెనని పురోహితుని అడుగును. వానకాలమున నీరు ఎటునుండి వచ్చి ఎటు పోవునని ఊరి నీరటికానిని అడుగును. నగరములలో ఈ రెండవ ప్రశ్న మఱుగున పడినది. హైదరాబాదు పాతబస్తీ చరిత్ర దీనికి నిదర్శనము.

గోలకొండ కోట జనముతో క్రిక్కిరిసి, నీటికి కొఱత కలుగగా, కుతుబ్‌షాహీ ప్రభువుల చూపు మూసీనది దక్షిణపుటొడ్డుపై బడెను. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున, 1578లో, పురానాపూల్ అను వంతెన ముందే సిద్ధమై యుండెను. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినారు కట్టించి, దానినుండి నాలుగు దిక్కులకు వీథులు తీర్పించెను. భాగమతిపై ప్రేమచే ఈ నగరము కట్టించెనని చెప్పుదురు. కథ వినుటకు ఇంపుగా నున్నది గాని, చరిత్రకారులు దానిపై ఏకీభవింపలేదు. ప్రేమకెంత బలమున్నను నీరు లేనిచోట నగరము నిలువదు. మఱియొకటి గమనింపుడు: చార్మినారును నదిగట్టున కట్టలేదు, కొంత యెడముగా నిలిపిరి.

తరువాతి తరములవారు ఆ యెడమును పాటింపలేదు. మూసీ సంవత్సరమున పెక్కు నెలలు సన్నని పాయగా పాఱును. దినదినము చూచువానికి అది వాగుగానే తోచును. పైగా అఫ్జల్‌గంజి ధాన్యపు బజారు దగ్గర, కూలికిని బేరమునకును నడచి పోవచ్చును, చుట్టములును అచ్చటనే. ఇట్లు పల్లపు నేల ఇండ్లతో నిండెను. వారిని తెలివిమాలినవారనుట న్యాయము కాదు. కూలి నేటిది, కంటికి కనబడును; వరద ఎన్నటిదో.

1908 సెప్టెంబరు 28వ తేదీన ఆ వరద వచ్చెను. శంషాబాదులో ఒక్క దినమున సుమారు 13 అంగుళముల వాన కురిసెను. తరువాత విచారణకై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి లెక్క వినుడు: మూసీకి నీరు చేర్చు ప్రదేశమున 788 చెఱువులుండగా, వానిలో 221 తెగెను. చెఱువు తెగుట యననేమో మీకు నేను చెప్పనక్కఱలేదు. పై చెఱువు క్రింది చెఱువుపై బడును. ఆ రెండును గూడి మూడవదానిపై బడును. అట్లు గొలుసుగా వచ్చిన నీరు సుమారు 15,000 మందిని పొట్టను బెట్టుకొనెను. అఫ్జల్‌గంజి దవాఖానా ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రదికిరి.

పిమ్మట జరిగినది మెచ్చదగినది. నగరమునకు ఎగువన 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును పూర్తియయ్యెను. అవి వరద నాపుటయే గాక త్రాగునీటి నొసగెను. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడెను. నదిగట్టున హైకోర్టు, ఉస్మానియా దవాఖానా వంటి గొప్ప భవనములు లేచెను.

నదికి కళ్ళెము పడినదను ధైర్యముచే జనులు చెఱువులను మఱచిరి. పాతబస్తీలో తలాబ్‌కట్ట యను పేట కలదు. తలాబు అనగా ఉర్దూలో చెఱువు; కట్ట మన కట్టయే. అచ్చటి మీర్‌జుమ్లా చెఱువు నేడు లేదు, దాని చోట ఇండ్లున్నవి. పేరు మాత్రము సాక్ష్యము చెప్పుచున్నది. 2020 అక్టోబరులో పల్లెచెఱువు, గుఱ్ఱంచెఱువు కట్టలు తెగినపుడు అల్‌జుబైల్ కాలనీ, హఫీజ్‌బాబానగరులలోని ఇండ్లు నీట మునిగెను. ఎక్కడనైనను, ఎండకాలమున ఎండిన నేలను చూచి కొన్నవాని తప్పుకంటె, శిఖము భూమిని ముక్కలుచేసి అమ్మినవాని తప్పును, చూచియు ఊరకున్న యధికారి తప్పును పెద్దవని నా యభిప్రాయము.

వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళమను అధ్యాయమున, చెట్లను పుట్టలను చూచి భూగర్భజలమును కనుగొను విధము చెప్పెను. అట్టి చూపు మీకు వాడుకచే అబ్బినది. తుంగ మొలచిన నేల, ఒండ్రు పట్టిన నేల చూచినంతనే మీరు పోల్చుదురు. నగరమున పెరిగిన పిల్లలకు రిజిస్ట్రీ కాగితమే కనబడును. స్థలము కొందునని కుమారుడు సొమ్మడిగినపుడు, వానకాలమున నొకమారు మీరే పోయి చూడుడు. పాత పహాణీలో ఆ సర్వేనంబరు పట్టాయని యున్నదో, శిఖమని యున్నదో యడుగుడు. ఇరుగుపొరుగున నున్న ముసలివారిని, 2020లో నీరు ఎంతవఱకు వచ్చెనో గోడమీద చేయిపెట్టి చూపుమనుడు.