పొరకు చేరిన ప్రత్యయం – సుబ్బారావుగారి నీలిరంగు



ఏటా జనవరి 12 వచ్చేసరికి యల్లాప్రగడ సుబ్బారావుగారి చిత్రపటం కింద ఒకే రీతి వాక్యాలు చేతులు మారుతూ ఉంటాయి. ఆయనకు నోబెల్ బహుమతి రావలసింది రాలేదని, లోకం మనవాణ్ణి మరిచిందని, ఫలానా ఫలానా మందులన్నీ ఆయన ఒక్కరే కనిపెట్టారని. భక్తి మంచిదే. కాని లెక్క తప్పిన భక్తి మహానుభావుల కీర్తికి మేలు చేయదు. ఆరియోమైసిన్‌ను కనుగొన్నవాడు బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధనకు ఆశ్రయమిచ్చిన లెడర్లీ సంస్థలో పరిశోధనలకు దిశానిర్దేశం చేసినవారు సుబ్బారావుగారు. ఈ రెండు మాటలూ నిజమే. రెండవది చాలు, మొదటిదాన్ని దాచనక్కరలేదు.

నేను ఈ టపాలో చెప్పదలచింది మందుల సంగతి కాదు. నేటి జీవశాస్త్ర ప్రయోగశాలల్లో ఒక పద్ధతి ఉంది. కొవ్వుజాతి అణువులతో కృత్రిమంగా పలుచని పొర పరచి, దానికి తమకు కావలసిన మాంసకృత్తును ఒక చిన్న తోక సాయంతో తగిలించి, అది చేసే పనిని కళ్లారా చూస్తారు. ఆ పద్ధతిలో సుబ్బారావుగారు పాల్గొనలేదు. అది పుట్టేనాటికి ఆయన కన్నుమూసి దాదాపు అర్ధశతాబ్ది గడిచింది. అయినా దాని పునాదిలో ఆయన చేయి ఉంది. ఆ చేయి ఎక్కడున్నదో చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పొర సంగతి. జంతుకణానికి గోడ లేదు, పొర మాత్రమే ఉంది. దాని మందం సుమారు 5 నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. ఆ పొరకు ముడిసరుకు లిపిడ్లు. ఒక్కొక్క లిపిడ్ అణువుకు నీటిని కోరే తల, నీటిని సహించని తోకలు ఉంటాయి. నీటిలో అవి తలలు బయటికి, తోకలు లోపలికి పెట్టుకొని రెండు వరుసలుగా సర్దుకుంటాయి. పొర ఊరకే అడ్డుతెర కాదు. బయటి వార్తను లోపలికి చేర్చే మాంసకృత్తులు, లోపలి సరుకును మూటగట్టి పంపే మాంసకృత్తులు దానిమీదే కొలువుతీరి ఉంటాయి. కణంలో అన్నీ ఒక్కసారిగా పనిచేస్తుంటే ఏది ఏమి చేస్తున్నదో తేల్చడం అంగట్లో ఒక్క గొంతును పోల్చుకోవడం వంటిది. అందుకే ఉత్త పొర పరచి, ఒక్క మాంసకృత్తును దానిమీద నిలిపి చూడాలన్న కోరిక శాస్త్రజ్ఞులకు కలిగింది.

పొరకు రెండు వరుసలున్నాయని మొదట చెప్పినది 1925లో, హాలండులోని లైడెన్ నగరం నుంచి. గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల నుంచి లిపిడ్లను అసిటోనుతో తీసి, నీటిమీద ఒంటిపొరగా పరచి, దాని వైశాల్యాన్ని కొలిచారు. అది కణాల ఉపరితలానికి రెండింతలు వచ్చింది. కనుక పొర రెండు వరుసలదని తీర్మానించారు. తీర్మానం సరైనదే. విచిత్రమేమంటే వారి లెక్కలో రెండు పొరపాట్లు ఉన్నట్లు తరువాతివారు తేల్చారు. లిపిడ్లన్నీ బయటికి రాలేదు; కణపు ఉపరితలాన్నీ తక్కువగానే కట్టారు. ఒక లోటు మరొక లోటుతో చెల్లిపోయి జవాబు నిలిచింది. అదృష్టం ఒకసారి కాపాడుతుంది, ప్రతిసారీ కాదు. పొరను గురించి మాట్లాడాలంటే లిపిడ్లను సరిగా లెక్కించే ఉపాయం కావాలి.

ఆ ఉపాయానికి మూలమైన పత్రం కూడా అదే 1925లో అచ్చయింది. అయితే అట్లాంటిక్‌కు ఆవలి ఒడ్డున. 1922 అక్టోబరులో బోస్టన్ చేరిన సుబ్బారావుగారు హార్వర్డ్ వైద్యకళాశాల జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ వద్ద పనిచేస్తూ, ఆయనతో కలిసి భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతిని ప్రకటించారు. దాని కీలకం ఇది. ఫాస్ఫేటు ఉన్న ద్రవంలో ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేటు కలపాలి. ఆపైన ఒక క్షయకారిణిని చేరిస్తే నీలిరంగు పుడుతుంది. భాస్వరం ఎంత ఉంటే నీలం అంత చిక్కన. క్షయకారిణిగా వారు ఎంచుకున్న అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లమే ఈ పద్ధతికి నిలకడ తెచ్చింది.

ఈ నీలిరంగు ఊరకే కొలమానంగా మిగలలేదు. కండరాల నుంచి తీసిన ద్రవంలో రంగు రావలసినంత త్వరగా రావడం లేదని వారు గమనించారు. ఇంకొకరైతే పాత్ర సరిగా కడగలేదనుకొని పారబోసేవారేమో! వారు ఆ ఆలస్యం వెంటబడ్డారు. ఆమ్లంలో మెల్లగా విడిపోయే భాస్వర సమ్మేళనం ఒకటి అందులో దాగి ఉందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. 1929లో ఏ.టి.పి.ని కూడా వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోహ్‌మన్ స్వతంత్రంగా దాన్ని కనుగొన్నాడని చెప్పడం ధర్మం.

ఇక భాస్వరానికీ పొరకూ సంబంధమేమిటంటే, కణపొరల్లో అధికభాగం ఫాస్ఫోలిపిడ్లు. వాటిలో చాలావాటి తలలో భాస్వరపు పరమాణువు ఒక్కటే ఉంటుంది. కనుక భాస్వరాన్ని లెక్కిస్తే తలలను లెక్కించినట్లే. 1959లో అమెరికాలో గ్రాంట్ బార్ట్‌లెట్ ఫిస్క్–సుబ్బారావు పద్ధతిని ఇందుకు అనువుగా దిద్దాడు. లిపిడ్లను ఆమ్లంలో బాగా మరిగించి భాస్వరాన్ని విడిపించి, మాలిబ్డేటూ క్షయకారిణీ కలిపి మళ్లీ వేడిచేసి, ఆ నీలాన్ని కొలిచాడు. అప్పటినుంచి దానికి బార్ట్‌లెట్ పద్ధతి అని పేరు స్థిరపడింది. నేడు వేరే పద్ధతులూ వచ్చాయి, అయినా ఇది వాడుక తప్పలేదు. అందులో పడే క్షయకారిణికి మాత్రం నేటికీ ఫిస్క్–సుబ్బారావు కారకమన్న పేరే. పద్ధతికి ఒకరి పేరు, సీసామీద మరొకరి పేరు!

కృత్రిమ పొరల కథ కూడా అప్పుడే ఊపందుకుంది. 1960 దశకంలో ఇంగ్లండులో అలెక్ బాంగమ్ లిపిడ్లు నీటిలో వాటంతటవే మూసుకొని బుడగలవుతాయని చూపాడు, అవే లైపోసోములు. 1972లో సింగర్, నికల్సన్ పొరను మాంసకృత్తులు తేలియాడే ద్రవంగా చిత్రించారు. 1980 దశకం నడుమ స్టాన్‌ఫర్డ్‌లో హార్డెన్ మెకానెల్ బృందం గాజుపలక మీద రెండు వరుసల పొరను పరిచింది. పొర సిద్ధమైంది. మిగిలిన చిక్కల్లా మాంసకృత్తును దానిమీద కోరిన దిక్కుకు తిరిగేలా, కోరినప్పుడు ఊడివచ్చేలా నిలపడమే.

ఇక్కడ నాకు తెలిసిన విద్య అక్కరకు వస్తుంది. వ్యాకరణంలో ప్రాతిపదిక ఒక్కటే వాక్యంలో నిలవదు. రామ శబ్దానికి ‘డు’ చేరితే రాముడు, ‘తో’ చేరితే రామునితో. రాముడు మారలేదు, ఎవరితో ఏమి సంబంధమో తెలిసిందంతే. మాంసకృత్తు అంటే ఇరవై రకాల అమైనో ఆమ్లాలు గొలుసుగా కూర్చిన పదం. ఆ పదం చివర హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని వరుసగా ఆరుసార్లు చేర్చితే అది ప్రత్యయం వలె పనిచేస్తుంది. ముందు చేర్చితే ఉపసర్గ అనుకోండి. జన్యువులోనే ఆ అక్షరాలను రాసిపెడితే కణమే తోకతో సహా మాంసకృత్తును తయారుచేస్తుంది.

హిస్టిడిన్‌కు లోహాలంటే మక్కువ. 1975లో స్వీడన్‌లో యెర్కర్ పోరాత్ బృందం ఆ గుణాన్ని మాంసకృత్తుల శుద్ధికి వాడింది. 1987–88లలో స్విట్జర్లండులోని హాఫ్‌మన్–లా రోష్ సంస్థలో ఎరిష్ హోఖులి బృందం నికెల్‌ను పట్టుకునే ఎన్.టి.ఏ. అణువునూ, హిస్టిడిన్ తోకనూ జతకలిపింది. నికెల్ అయానుకు పట్టు దొరికే చోట్లు ఆరు. వాటిలో నాలుగింటిని ఎన్.టి.ఏ. ఎండ్రకాయ డెక్కల మాదిరి పట్టుకుంటుంది. మిగిలిన రెండింటిని హిస్టిడిన్ తోక అందుకుంటుంది. 1994లో జర్మనీలో రాబర్ట్ టాంపే బృందం ఆ ఎన్.టి.ఏ.ను లిపిడ్ తలకు అతికించింది. అంతే! పొరలోనే కొక్కేలు మొలిచాయి. తోకగల మాంసకృత్తు వచ్చి పొరకు తగులుకుంటుంది. ఇమిడజోల్ అనే పదార్థం పోస్తే ఊడివస్తుంది. అదే సంవత్సరం అమెరికాలో మరొక బృందం హెచ్.ఐ.వి. మాంసకృత్తునొకదాన్ని ఇదే ఉపాయంతో లిపిడ్ పొరమీద బారులు తీర్చింది.

లెక్క అక్కర ఇక్కడ తెలుస్తుంది. ఒక లిపిడ్ తల ఆక్రమించే చోటు సుమారు 0.7 చదరపు నానోమీటర్లు. అంటే ఒక చదరపు మైక్రోమీటరు పొరలో ఒక్కొక్క వరుసకు దాదాపు 14 లక్షల లిపిడ్లు. అందులో నూటికి ఒకటి కొక్కెం లిపిడ్ అయితే కొక్కేలు 14 వేలు. మాంసకృత్తులు కిక్కిరిసి ఉన్నాయా, దూరదూరంగా ఉన్నాయా అన్నదాన్ని బట్టి వాటి నడవడి మారుతుంది. పొర తయారీలో కొంత లిపిడ్ పాత్ర గోడలకు అంటుకొని పోతుంది. మిగిలిందెంతో తెలియాలంటే భాస్వరం కొలవాలి. సాధారణంగా వాడే నికెల్ లిపిడ్‌లో భాస్వరం లేదు గనుక, చుట్టూ ఉన్న ఫాస్ఫోలిపిడ్లను నీలిరంగుతో లెక్కించి పాళ్లు కట్టుకుంటారు. మన భీమవరంలో పుట్టినవారి కొలత అక్కడ నిశ్శబ్దంగా పనిచేస్తూ ఉంటుంది.

ఇప్పుడు మన దాపునకు వద్దాం. మా కొండపాక నుంచి రాజీవ్ రహదారి పట్టుకొని దక్షిణంగా పోతే హైదరాబాదు. అక్కడ హబ్సిగూడలో సి.సి.ఎం.బి. ఉంది, 1977 ఏప్రిల్ 1న పుష్పమిత్ర భార్గవ సారథ్యంలో మొదలైన సంస్థ. అక్కడ అమితాభ చటోపాధ్యాయ చాలాకాలం కణపొరల మీద, ముఖ్యంగా సెరొటోనిన్ గ్రాహకం, కొలెస్టరాల్ పొత్తు మీద పరిశోధించారు. ఆ బృందం సెరొటోనిన్ గ్రాహకానికి పసుపుకాంతినిచ్చే మాంసకృత్తును తోకగా చేర్చి, కణపొరలో దాని కదలికను కొలిచి 2004లో ప్రకటించింది. ఆ పనిలో ముందున్న విద్యార్థి థామస్ పుకడియిల్.

ఆయన తరువాత అమెరికాలో సాండ్రా ష్మిడ్ వద్ద డైనమిన్ అనే మాంసకృత్తు పొరను తెంపే తీరును కృత్రిమ పొరమీద ప్రత్యక్షంగా చూపారు (2008). పుణెలోని ఐసర్‌కు వచ్చాక ఆ పనినే ముందుకు నడిపారు. కణం బయటి సరుకును పొరసంచిలో చుట్టి లోపలికి లాక్కున్నప్పుడు, ఆ సంచి మెడచుట్టూ డైనమిన్ పట్టెడలా బిగిసి తెంపుతుంది. డైనమిన్‌లో ఒక భాగం పొరలోని ప్రత్యేకమైన లిపిడ్‌ను గుర్తించి పట్టుకుంటుంది. ఆ భాగం లేకుంటే పొర తెగదా? ఇదీ ప్రశ్న. 2017లో పుకడియిల్ బృందం ఆ భాగాన్ని తీసేసి, దాని స్థానంలో హిస్టిడిన్ వరుసను పెట్టి, కొక్కెం లిపిడ్ ఉన్న సన్నని పొరగొట్టాల మీద వదిలి చూసింది. పొర తెగింది! కాని సన్నబడిన మెడ తెగకుండా చాలాసేపు నిలిచింది. అంటే ఆ భాగం లేకున్నా పని జరుగుతుంది, ఉంటే చురుకుగా జరుగుతుంది. కణంలో తేల్చరాని మాటను ఆరక్షరాల ప్రత్యయం తేల్చింది.

అయితే ప్రత్యయాన్ని గుడ్డిగా నమ్మరాదు. ‘ఇల్లు’కు ‘లో’ చేరేటప్పుడు మూలమే ‘ఇంటి’ అయిపోతుంది. ఔపవిభక్తికాలని బడిలో చెబుతాం. అలాగే తోక చేరిక వల్ల మాంసకృత్తు స్వభావం మారే ప్రమాదముంది. అందుకే నికెల్ లేని పొరమీద ఒకసారి, తోకను రెండో కొసకు మార్చి ఒకసారి పరీక్షిస్తారు. గోర్టర్, గ్రెండెల్‌లకు కలిసివచ్చిన అదృష్టం మీద ఆధారపడరు.

ఈ కథలో ఎవరి పేరు ఎక్కడ నిలిచిందో చూడండి. బహుమతుల జాబితాల్లో సుబ్బారావుగారిని వెతికి, కానక, వగచేవారు మనలో ఎందరో. ఆ వగపు న్యాయమైనదే. కాని 1948 ఆగస్టులో ఆయన పోయాక కూడా, ఎక్కడో ఒక పరిశోధక విద్యార్థి పరీక్షనాళికలో నీలిరంగు కోసం వేచి చూడని రోజు అరుదు. మంచి కొలమానానికి ఇదే గతి. బాగా పనిచేసేకొద్దీ చేసినవాడి పేరు అడుగున పడిపోతుంది. మన వ్యాకరణంలోనూ అంతే. ‘డు’ ప్రత్యయాన్ని రోజూ పలికేవాడెవడూ సూత్రకర్తను తలచుకోడు.

కాబట్టి వచ్చే జనవరి 12న ఆయన్ని తలచుకునేటప్పుడు, చేయని పనులు ఆయనకు అంటగట్టవద్దు. చేసిన పని చాలు. 1925లో ఫిస్క్‌తో కలిసి భాస్వరానికి నీలిరంగు అద్దిన సంగతి పిల్లలకు చెప్పండి. రంగు ఆలస్యంగా వస్తే ఎందుకని అడిగిన మనిషి అని చెప్పండి. నోబెల్ మాట కంటే ఆ మాటే వారికి ఎక్కువకాలం పనికివస్తుందని నా నమ్మకం.

సెలవు.