విశ్వవిద్యాలయ బోధనలో నిస్తంత్రి సాధనములు: ప్రత్యుత్తర మార్గము

విశ్వవిద్యాలయ బోధనలో నిస్తంత్రి సాధనముల చరిత్రను చెప్పువారు సాధారణముగా చేతిఫోనుతో ప్రారంభింతురు. అది చాలదని మా అభిప్రాయము. గురువు మాటను దూరమునకు పంపుట ఏనాడో సాధ్యమైనది. శిష్యుని మాట తిరిగి గురువును చేరుట ఎట్లు? ఈ ప్రశ్నను పట్టుకొని వెనుకకు నడచినచో మనము హవాయి దీవులను చేరుదుము.

హవాయి విశ్వవిద్యాలయపు ప్రధాన ప్రాంగణము ఓహు దీవిలోని మనోవాలో కలదు. తక్కిన విద్యాలయములలో కొన్ని ఇతర దీవులలో నున్నవి. మనోవాలోని కంప్యూటరును దూరమునుండి వాడుకొనుటకై నార్మన్ ఏబ్రంసన్ బృందము 1968లో పూనుకొనగా, 1971 జూన్‌లో అలోహానెట్ పనిచేయ నారంభించెను. కంప్యూటరు పలుకుటకు ఒక రేడియో మార్గము, దూరస్థులందఱును బదులు పలుకుటకు ఉమ్మడిగా మఱియొకటి. చిక్కు అంతయు ఈ రెండవ మార్గముననే కలదు. ఎవరైనను ఎప్పుడైనను సందేశమును పంపవచ్చును. రెండు సందేశములు ఢీకొన్నచో రెండును చెడును. అందినట్లు జవాబు రాకున్న, పంపినవాడు లెక్కలేని వ్యవధి ఆగి మరల పంపును. తరగతిలో ఇద్దఱు విద్యార్థు లొక్కసారి నోరు తెఱచి, ఇద్దఱును ఆగి, వారిలో నొకడు ముందుగా అందుకొనుట మనమెఱిగినదే. ఈ పద్ధతిలో మార్గశక్తియందు సుమారు 18 శాతమునకు మించి ఉపయోగపడదు. కాలమును సమాన ఖండములుగా విభజించినచో అది రెట్టింపగునని 1972లో లారెన్స్ రాబర్ట్స్ చూపెను. వృథా ఎక్కువే, కాని ముందుగా అనుమతి పొందనక్కఱ లేకుండ ఎవ్వరైనను పలుకగలిగిరి. ఈ యాదృచ్ఛిక నిరీక్షణ సూత్రమే, పలుకుటకు ముందు వినవలెనను నియమమును చేర్చుకొని, 1997 నాటి వైఫై ప్రమాణమునందును నిలిచినది.

అలోహానెట్ పాఠములు చెప్పుటకై కల్పింపబడినది కాదని ఒప్పుకొనవలెను. అయితే ఆ విశ్వవిద్యాలయమే, ఆ 1971లోనే, ఏటీఎస్-1 ఉపగ్రహముద్వారా పసిఫిక్ విద్యాసంస్థల నడుమ ఇరువైపుల సంభాషణకై పీస్‌శాట్ ప్రయోగమును మొదలుపెట్టెను. సముద్రము నడుమనుండుటచే ప్రత్యుత్తరముయొక్క విలువ వారికి ముందుగా తెలిసినదని మాకు తోచుచున్నది.

మన దేశమున నడక వేఱు. 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, నేటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, ఏర్పడినది. దాని పాఠములు ఆకాశవాణిలో వినవచ్చెను. 1984 ఆగస్టు 15 నుండి విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారి పాఠములు దూరదర్శనులో వచ్చెను. రెండును ఏకముఖములే, సందేహము కలిగినవాడు ఉత్తరము వ్రాయవలె, లేదా అధ్యయన కేంద్రమునకు పోవలె. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోటనుండి ఎగసిన ఎడ్యుశాట్ కొన్ని కేంద్రములకు బదులు పలుకు వీలును, తక్కినవానికి వినుట మాత్రమును ప్రసాదించెను. ఈ తారతమ్యము విశేషముగా గమనింపదగినది.

ఇంతలో ప్రిటోరియా విశ్వవిద్యాలయము 2002లోనే ఒక సామాన్యమైన మార్గమును కనుగొనెను. దక్షిణాఫ్రికా గ్రామసీమలలోని దూరవిద్యార్థులకు కంప్యూటరు అరుదు, ఫోను కలదు. పుస్తకములను తపాలాలో పంపుచు, గడువులను, తరగతుల తేదీలను చిన్న సందేశములుగా ఫోనునకు పంపిరి. విద్యార్థియొద్ద ఉన్నదానితో మొదలిడుట దాని గొప్ప.

2020లో తరగతులు మూతపడినప్పుడు మేమును ఫోను ముందు కూర్చుండి ఛందస్సు చెప్పితిమి. డేటా పొదుపునకై విద్యార్థులు కెమెరాను, మైకును ఆపిరి. పాఠము మరల ఆకాశవాణి పాఠమే అయ్యెను. నిజము చెప్పవలెనన్న ఆకాశవాణియే మేలు. దానిని వినుటకు డేటా ఖర్చు లేదు. కాని రాత్రివేళ స్వరసందేశములు రాసాగెను. సిగ్నలు లేని ఊరి విద్యార్థిని ఒకతె చెఱువుగట్టు మీదికి పోయి, ఉత్పలమాల చదివి, యతి సరిపోయినదా అని అడిగెను. నలువది మంది గల గదిలో ఆమె గొంతు మేమెన్నడును విని యుండలేదు. హాజరుపట్టీలో ఆమె ఆనాడు రానిదానిగానే నమోదైనది.

అట్టి పట్టీలు భద్రముగా నున్నవి. స్వరసందేశములు ఫోనులు మారినకొలది చెరిగిపోవుచున్నవి. పంపినవారి అనుమతితో, మిగిలినవానిని తేదీల వరుసను వ్రాయించి శాఖలో ఉంచుచున్నాము. పరిశోధక విద్యార్థులు తమయొద్ద నున్నవానిని చేర్పగోరుచున్నాము.