సహజ ఖననం: సోలాపూర్ నేతపేటలు

శవానికి మందులు ఎక్కించకుండా, లోహపు పెట్టె గానీ సిమెంటు తొట్టి గానీ లేకుండా, మట్టిలో కలిసిపోయే గుడ్డలో చుట్టి పూడ్చడాన్ని సహజ ఖననం అంటారు. గుంత మూడు నాలుగు అడుగులు దాటదు. పైన గోరీ కట్టరు. చెట్టు నాటుతారు, లేదా గడ్డిని మొలవనిస్తారు. ఇది ఒక ఉద్యమంగా 1993లో ఇంగ్లండులోని కార్లైల్‌లో మొదలైంది. అక్కడి పురపాలక శ్మశానాల అధికారి కెన్ వెస్ట్ చెట్ల కింద పూడ్చే చోటు ఏర్పాటు చేశాడు. 1998లో అమెరికాలోని దక్షిణ కరోలినాలో వైద్యుడు బిల్లీ క్యాంబెల్ రామ్సే క్రీక్ అడవిని ఇందుకే తెరిచాడు. అంతర్యుద్ధ కాలం (1861–65) నుంచి అమెరికాలో శవాలకు మందు పట్టించడం రివాజైంది. తర్వాతి రోజుల్లో ఆ మందుగా వాడుకలోకి వచ్చిన ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో చేర్చింది.

పేరు కొత్తదే కానీ పద్ధతి మహారాష్ట్రలోని సోలాపూర్‌కు కొత్త కాదు. నిజాం ఇలాకాలోని తెలంగాణ పల్లెల నుంచి నేత కులమైన పద్మశాలీలు పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడికి తరలివచ్చారు. 1877లో మొదటి నూలు మిల్లు పెట్టాక ఆ వలస ఇంకా పెరిగింది. సాఖర్‌పేట, భవానీపేట, దాజీపేట వంటి తూర్పు భాగపు పేటల్లో ఇప్పటికీ ఇంటి భాష తెలుగే. పద్మశాలీలలో దహనమే ఎక్కువ. పసిపిల్లలను మాత్రం పూడ్చిపెడతారు. ఇది తెలుగునాట చాలా కులాల్లో ఉన్న ఆచారమే. పూడ్చే చోటును తెలంగాణలో బొందలగడ్డ అంటారు.

ఖననాన్ని ఆచారంగా నిలబెట్టినవారిలో ముఖ్యులు వీరశైవులు. సోలాపూర్‌లోని నేత కులాల్లో కురుహినశెట్లు ఈ సంప్రదాయం వారు. దేవాంగులలోనూ సాధారణంగా శవాన్ని కూర్చోబెట్టి పూడ్చేవారని ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద రాసిన 1909 నాటి గ్రంథంలో నమోదు చేశాడు. వీరశైవ పద్ధతిలో శవానికి స్నానం చేయించి, విభూతి పూసి, పద్మాసనంలో కూర్చోబెట్టి విమానం అనే అలంకరించిన పాడె మీద తీసుకెళతారు. గుంత గోడలో గూడు తొలుస్తారు. మెడలోని ఇష్టలింగాన్ని ఎడమ అరచేతిలో ఉంచి, మారేడు దళాలు, విభూతి, ఉప్పు వేసి మట్టితో నింపుతారు. పెట్టె లేదు, కట్టె లేదు. సహజ ఖననానికి ఒక చిన్న సవరణ కావాలి: ఉప్పు తగ్గించాలి. ఎక్కువైతే పైన నాటిన మొక్క బతకదు.

ఊరి దైవంగా కొలుపులందుకునే సిద్ధరామేశ్వరుడు పన్నెండో శతాబ్దపు శివశరణుడు, వచనకర్త. మల్లన్నను వెతుక్కుంటూ పసితనంలో శ్రీశైలం దాకా వెళ్లాడని కథ. అందుకే సోలాపూర్‌ను అభినవ శ్రీశైలం అన్నారు. ఆయన సమాధి చెరువు నడుమ ఉన్న గుడి ఆవరణలోనే ఉంది. ఈ ఊళ్లో మట్టిలో కలవడం ఎవరికీ తక్కువతనంగా తోచకపోవడానికి ఈ సమాధి కూడా కారణమని నా నమ్మకం.

ముస్లింల పద్ధతీ దీనికి దగ్గరే. మగవారికి మూడు, ఆడవారికి ఐదు తెల్లటి గుడ్డలు కఫన్‌గా చుడతారు. శవాన్ని మోసిన జనాజా తిరిగి మసీదుకు చేరుతుంది, మరొకరికి పనికొస్తుంది. ఈ జిల్లాలోని బ్రహ్మపురిలో 1695 నుంచి నాలుగేళ్లు దండు దించిన ఔరంగజేబుకు ఖుల్దాబాద్‌లో కట్టింది పైకప్పు లేని మట్టి గోరీయే. పాలరాతి తడికెలు తర్వాతి కాలానివి.

నేతపేట ఈ చరిత్రకు ఇచ్చింది గుడ్డ. అయితే ఏ గుడ్డ అన్నది చూసుకోవాలి. పోగు కొస వెలిగిస్తే నూలు కాగితంలా కాలి, వేలితో నలిపితే బూడిదవుతుంది. పాలియెస్టర్ కరిగి, నల్లగా పూసలా గట్టిపడుతుంది. మట్టిలోనూ తేడా అంతే. తేమ ఉన్న నేలలో నూలు గుడ్డ నెలల్లో పీలికలవుతుంది, పాలియెస్టర్ ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. శవం మీద గౌరవంగా కప్పే జరీ శాలువాలు, మెరుపు గుడ్డలు చాలావరకు ఈ రెండో రకమే. పూడ్చేముందు వాటిని తీసేయడమే సహజ ఖననానికి మొదటి షరతు.

రెండో షరతు నేల. సోలాపూర్‌ది వానలు తక్కువ పడే నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుకుంటుంది. లోతుకు పోయేకొద్దీ ఆ జిగటమట్టిలో గాలి ఆడదు, శవం చాలా నెమ్మదిగా మట్టిగా మారుతుంది. అందుకే పైపొరలోనే, వేర్లూ వానపాములూ తిరిగే మేర పూడ్చాలి. తీసిన మట్టినంతా గుంత మీదే దిబ్బగా పోయాలి. చెట్టుగా వేప, మారేడు, జమ్మి ఈ కరువు సీమలో నిలదొక్కుకుంటాయి. మొదటి వానలకు దిబ్బ కుంగుతుంది. అప్పుడు మరో రెండు తట్టల మట్టి పోసి, ఆ తర్వాతే మొక్క నాటాలి.