బళ్ళారి బడి: ఇసుక నుంచి తెర దాకా

భాషాబోధనలో కంప్యూటరు ప్రస్తావన వస్తే అందరం రాబోయే కాలం గురించే మాట్లాడతాం. మేము మాత్రం ఈ వ్యాసాన్ని 1823 నాటి బళ్ళారిలో మొదలుపెడుతున్నాం. ఈనాటి సాఫ్టువేరు తెచ్చిపెట్టిన ఒక చిక్కును అక్కడి కలెక్టరు అప్పుడే గుర్తించాడు.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ పాఠశాలల వివరాలు పంపమని జిల్లా కలెక్టర్లను అడిగించాడు. బళ్ళారి నుంచి అలెగ్జాండర్ డంకన్ కాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబిచ్చాడు. ఈయన తెలుగు విద్యార్థులకు పరాయివాడు కాడు. 1816లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు. దక్షిణాది భాషలది వేరే కుటుంబమని ఎల్లిస్ నిరూపించిన రచన వెలువడింది ఆ పుస్తకం పీఠికతోనే. కనుక కాంప్‌బెల్ బడిని లెక్కల మనిషిగానే కాక భాష తెలిసినవాడిగా కూడా చూశాడు.

ఆయన లెక్కకు వచ్చిన బడులు 533, పిల్లలు 6,641 మంది. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. తక్కినవాటిలో సంస్కృతం, మరాఠీ, పారశీకం, తమిళం, ఒకే ఒక ఇంగ్లీషు బడి. అప్పటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతమూ కలిసి ఉండేదని (అది విడిపోయింది 1882లో) గుర్తుంచుకోవాలి. అయినా ఈ సమతూకం గమనించదగినది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్ర రాష్ట్రానికీ, బళ్ళారితో సహా మిగిలిన తాలూకాలు మైసూరుకూ పోయినప్పుడు గీత గీయడం ఎందుకంత కష్టమైందో ఈ రెండు అంకెలే చెబుతాయి.

బోధనోపకరణాల గురించి కాంప్‌బెల్ రాసిన భాగం ముచ్చటైనది. పిల్లవాడు ముందు ఇసుకలో వేలితో అక్షరం దిద్దుతాడు, దిద్దుతూనే నేర్చుకుంటాడు, పైకి వల్లిస్తూ కాదు. తరువాత పలక, బలపం గాని, తాటాకు, కాగితం గాని. ముందు నేర్చినవాడు వెనకవాడికి చెబుతాడు. ఇంత తక్కువ ఖర్చుతో నడిచే ఈ పద్ధతిని ఇంగ్లండు అనుకరించడం సమంజసమేనని ఆయన మెచ్చుకున్నాడు. ఇసుకలో రాయించడం మద్రాసులో చూసిన ఆండ్రూ బెల్ దాన్ని అక్కడికి తీసుకువెళ్ళిన సంగతి తెలిసిందే.

మెప్పు అక్కడితో ఆగింది. పాఠ్యగ్రంథాలు పద్యకావ్యాలు, వాటి భాష వాడుకభాషకు దూరం. పిల్లలు తప్పులేకుండా చదువుతారు, అర్థం మాత్రం తెలియదు. పద్యభాషకూ వాడుకభాషకూ అక్షరాలు ఒకటే కనుక ఒకటి చదవగలవాడు రెండోదీ చదవగలడు, కాని గ్రహించలేడని కూడా ఆయన గమనించాడు.

ఇక కంప్యూటరు దగ్గరికి వద్దాం. 1984-85లో కేంద్రప్రభుత్వం క్లాస్ పథకం కింద కొన్ని ఎంపికచేసిన పాఠశాలలకు బి.బి.సి. మైక్రో యంత్రాలు ఇచ్చింది. కర్ణాటకలో 2001లో మాహితి సింధు పథకం ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు చేర్చింది. యంత్రాల చరిత్ర కంటే అక్షరాల సంకేతాల చరిత్రే మనకు ముఖ్యం. 1991లో భారతీయ ప్రమాణంగా వచ్చిన ఇస్కీలో బ్రాహ్మీజన్య లిపులన్నిటికీ ఒకే సంకేతావళి. తెలుగు 'క'కూ కన్నడ 'క'కూ ఒకే అంకె, తెర మీద ఏ రూపం కనిపించాలన్నది వేరే నిర్ణయం. అదే ఏడాది వచ్చిన యూనికోడు లిపులను విడదీసింది గాని వరుస మార్చలేదు. తెలుగు అక్షరం సంఖ్యకు 128 కలిపితే సాధారణంగా దానికి సాటి కన్నడ అక్షరం వస్తుంది. (అన్నిటికీ కాదు. 2008లో తెలుగు దంత్య చ, జలకు చోటు దొరికింది, కన్నడంలో వాటికి జోడు లేదు.)

అంటే కన్నడ పాఠాన్ని తెలుగు లిపిలోకి మార్చడం యంత్రానికి కూడిక, తీసివేత. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో కన్నడం చదివే బళ్ళారి పిల్లలకు ఇది మంచి సాధనమే. లిపి భయం కొద్దిరోజుల్లో పోతుంది. కాని పాఠం లిపి మారగానే 'తెలుగు పాఠం సిద్ధం' అనుకోవడం మేము చూశాం. ఒక తరగతిలో మా ముందే జరిగింది. తెర మీద కన్నడ వాక్యం తెలుగు అక్షరాల్లో వచ్చింది. దారి పక్కన 'కల్లు' ఉందట. పిల్లలు పగలబడి నవ్వారు. కన్నడంలో కల్లు అంటే రాయి. బళ్ళారిలో కొండంతా రాయే, నవ్వకేం చేస్తారు!

కాంప్‌బెల్ చూసిన పిల్లవాడి స్థితి ఇప్పుడు యంత్రానిది. రెండూ చదువుతుంది, ఏదీ తెలియదు. ఆ రోజు మేము పాఠం ఆపి రెండు లిపుల్నీ పక్కపక్కన పెట్టించాం. పాలు-హాలు, పులి-హులి, పువ్వు-హూవు. తెలుగు పకారం ఉన్నచోట కన్నడంలో హకారం ఉందని ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నారు. యంత్రం జంటల్ని చూపింది, సూత్రం పిల్లలు చెప్పారు. వెంటనే ఒక అమ్మాయి ఆ సూత్రంతో 'పల్లు'ను మార్చి, 'హల్లు' అంటే పన్ను అయితే వ్యాకరణంలో హల్లు ఏమిటని అడిగింది. అది సంస్కృతం నుంచి వచ్చిన పదమని, ఈ సూత్రానికి లొంగదని చెప్పడానికి మాకు మిగిలిన పీరియడంతా పట్టింది. మరునాటికి ఇంటి దగ్గర పెద్దలను అడిగి ఇలాంటివి తెమ్మన్నాం. ఎత్తు (కన్నడంలో ఎద్దు), ఊట (భోజనం) వచ్చాయి. ఆ పట్టికను పిల్లలే కంప్యూటరులోకి ఎక్కించారు, ముందు నేర్చినవాళ్ళు వెనకవాళ్ళకు మీటలు చూపిస్తూ.