పార్లమెంటులో ఒక మామూలు రోజు



పొద్దున్నే పత్రిక చేతిలోకి తీసుకుంటే మన కంట పడేది పార్లమెంటులో గొడవ జరిగిన రోజు వార్తే. ఎవరో లేచి అరిచారు, ఎవరో బయటికి నడిచారు, సభ వాయిదా పడింది. గొడవ లేని రోజు వార్తే కాదు. ‘ఉభయ సభల్లో సాధారణ కార్యక్రమాలు జరిగాయి’ అని లోపలి పేజీలో ఒక ముక్క వేస్తారు. మనం పేజీ తిప్పేస్తాం. పొయ్యి మీద పప్పు ఉంటుంది మరి! ఇవాళ నేను మీతో చెప్పదలచుకున్నది ఆ తిప్పేసిన పేజీ సంగతే. కామారెడ్డి, ఎల్లారెడ్డి పక్కల చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ల బతుకులోకి ఒక చట్టం వచ్చింది. అది 1966 నాటి మాట. ఆ చట్టం కథ తెలియాలంటే ముందు సభలో ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో కాస్త తెలియాలి.

లోక్‌సభ మామూలుగా ఉదయం 11 గంటలకు కూడుతుంది. మొదటి గంట ప్రశ్నలది. నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. సభ్యుడు తిరిగి ఉపప్రశ్న వెయ్యవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు జవాబు కాగితం మీద వస్తుంది. ఆ తర్వాత మంత్రులు ఒక్కొక్కరే లేచి తమ శాఖల నివేదికలు, నోటిఫికేషన్లు సభ ముందుంచుతారు. చూసేవాళ్లకు ఇంతకంటె నిద్ర వచ్చే ఘట్టం ఉండదు! కాని సర్కారు చేసిన నియమాలు సభ కంట పడేది అప్పుడే. అటుపిమ్మట బిల్లులు.

బిల్లు అంటే ఒక్కసారి చేతులెత్తితే అయిపోయేది కాదు. ముందు ప్రవేశపెడతారు. తర్వాత దాని మంచిచెడ్డల మీద చర్చ. ఆపైన క్లాజు క్లాజుగా తీసుకుంటారు. ‘రెండవ క్లాజు బిల్లులో భాగం కావాలని ప్రశ్న’ అని స్పీకరు చదవడం, సరే అన్నవారు సరే అనడం, కాదన్నవారు కాదనడం, మళ్లీ మూడవ క్లాజు. తమాషా ఏమిటంటే, చట్టం పేరు చెప్పే మొదటి క్లాజు చివరికి వస్తుంది. పిల్ల పుట్టాక పేరు పెట్టినట్టన్న మాట. అంతా అయ్యాక రెండో సభలో మళ్లీ ఇదే తతంగం. చివరికి రాష్ట్రపతి ఆమోదం. సభ జరగడానికి మొత్తం సభ్యుల్లో పదోవంతు మంది ఉంటే చాలునని రాజ్యాంగమే చెప్పింది. 543 మంది సభలో 55 మంది! మిగతావాళ్లు లేకపోయినా క్లాజులు సాగుతూనే ఉంటాయి.

ఇక మన బీడీల సంగతికి వద్దాం.

నిజామాబాద్ జిల్లాలో, అందులోంచి 2016లో ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో, బీడీ పని ఆడవాళ్ల పని. మీలో చాలామందికి నేను చెప్పనక్కరలేదు. తునికాకు తడపడం, కత్తెరతో కోయడం, తంబాకు వేసి చుట్టడం, దారం కట్టడం. ఇరవై అయిదు చుడితే ఒక కట్ట, నలభై కట్టలైతే వెయ్యి. కూలి వెయ్యికి ఇంత అని. అన్నం వండుతూ, పిల్లకు పాలిస్తూ, వాకిట్లో కూర్చుని చేసే పని కాబట్టి చూసేవాళ్లకు అది పనిలాగే కనబడదు. ‘ఇంటిపట్టునే ఉంటుంది, నాలుగు బీడీలు చుడుతుంది’ అంటారు. ఆ ‘నాలుగు’ రాత్రయ్యేసరికి వెయ్యి అవుతాయి, నడుం పడిపోతుంది.

ఈ పనికి చట్టం ఎందుకు లేదు అనుకుంటారేమో. ఫ్యాక్టరీల చట్టం 1948 లోనే వచ్చింది. కాని కరెంటు యంత్రం లేనిచోట అది వర్తించాలంటే 20 మంది పనివాళ్లు ఉండాలన్నది ఆనాటి నియమం. బీడీ యజమానులు ఏం చేశారు? పెద్ద కార్ఖానాను చిన్న చిన్న ముక్కలు చేశారు. అదీ కాకపోతే ఆకు, తంబాకు మధ్యవాళ్ల చేతికిచ్చి, పనిని ఇళ్లకు పంపేశారు. ఇల్లు ఫ్యాక్టరీ కాదు గదా! లెక్క అడిగితే యజమాని మధ్యవాణ్ణి చూపిస్తాడు, మధ్యవాడు యజమానిని చూపిస్తాడు. చుట్టిన ఆమె ఎవరి మనిషీ కాదు.

కొన్ని రాష్ట్రాలు సొంతంగా చట్టం చేసి చూశాయి. మద్రాసు రాష్ట్రం 1958లో, కేరళ 1961లో చేశాయి. చట్టం వచ్చిన రాష్ట్రంలో గట్టిగా అమలు చెయ్యబోతే వ్యాపారం చట్టం లేని పక్క రాష్ట్రానికి తరలిపోవడం మొదలుపెట్టింది. తునికాకు సంచీలకూ తంబాకు బస్తాలకూ ఎల్లలేమిటి? రెండు లారీలు చాలు. అందుకని దేశానికంతకీ ఒకే చట్టం కావాలని పార్లమెంటు దాకా వెళ్లింది. అలా వచ్చిందే 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం. ఆనాడు కేంద్రంలో కార్మిక మంత్రి జగ్జీవన్ రామ్. నిజామాబాద్ నుంచి లోక్‌సభలో ఉన్నది హరీశ్ చంద్ర హెడా. 1952, 1957, 1962 మూడు ఎన్నికల్లోనూ ఆయనే గెలిచారు.

ఆ చట్టంలో ఎన్నో క్లాజులున్నాయి. ఏడాదికి జీతంతో సెలవు, ఆరునెలలు పనిచేసిన మనిషిని కారణం లేకుండా, నోటీసు లేకుండా తీసివెయ్యరాదనడం, 50 మందికి మించి ఆడవాళ్లున్న చోట పసిపిల్లల కోసం గది ఉండాలనడం, పొద్దు 6 గంటలకు ముందూ సాయంత్రం 7 తర్వాతా ఆడవాళ్ల చేత పనిచేయించకూడదనడం, ప్రసూతి చట్టం వీరికీ వర్తిస్తుందనడం. అన్నీ మంచివే. కాని నన్నడిగితే అన్నిటికంటె ముఖ్యమైనది రెండో క్లాజు, అంటే అర్థవివరణల క్లాజు.  ఈ చట్టంలో ‘ఉద్యోగి’ అంటే ఎవరు అని అందులో చెప్పారు. యజమాని గాని, మధ్యలో కంట్రాక్టరు గాని ముడిసరుకు ఇస్తే ఇంటి దగ్గర బీడీలు చేసే మనిషి కూడా ఉద్యోగే అన్నారు.

ఒక్కసారి ఆలోచించండి. వాకిట్లో కూర్చున్న ఆమె అంతకుముందు వరకూ ‘ఇంటిపట్టున ఉన్న ఆడది’. ఆ క్లాజు పాసయ్యాక చట్టం దృష్టిలో ఆమె పనిమనిషి కాదు, ఖాళీ మనిషి కాదు, ఉద్యోగి. మిగతా క్లాజులన్నీ ఈ ఒక్క మాట పట్టుకునే ఆమె గడప దాకా వచ్చాయి.

అంత విలువైన మాట అని మనకంటె ముందు గుర్తుపట్టింది యజమానులే! వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇంట్లో చేసేవాళ్లు మా పనివాళ్లెట్లా అవుతారు, కంట్రాక్టరు పెట్టుకున్నవాళ్లకు మేమెందుకు బాధ్యులం అని వాదించారు. 1974లో మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పింది. తర్వాత 1977లో ప్రావిడెంట్ ఫండును బీడీ పనికి వర్తింపజేసినప్పుడు మళ్లీ అదే పేచీ వచ్చింది. 1985లో ఇంట్లో చుట్టేవాళ్లకూ పి.ఎఫ్. ఉండాలని సుప్రీంకోర్టు తేల్చింది. ఇది ఎంత దూరం వచ్చిందో చూడండి: తెలంగాణ ఏర్పడ్డాక రాష్ట్ర ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలనెలా జీవన భృతి ఇవ్వడం మొదలుపెడితే, ‘నీకు పి.ఎఫ్. ఉన్నదా?’ అన్నదే మొదటి ప్రశ్న అయింది. పేరు ఎక్కినామెకు భృతి. అంతే బీడీలు చుట్టి, పేరు ఎక్కనామెకు నిట్టూర్పు.

పేరు ఎందుకు ఎక్కలేదు అంటారా? చట్టం ఢిల్లీలో పాసైనంత మాత్రాన కామారెడ్డికి రాదు. 1966 చట్టం ఏ రాష్ట్రంలో ఏ రోజునుంచి అమలు కావాలో ఆ రాష్ట్ర ప్రభుత్వమే ప్రకటించాలని అందులోనే రాశారు. నియమాలు చెయ్యవలసిందీ రాష్ట్రమే. బీడీలు బాగోలేవని నూటికి ఎన్ని తీసివెయ్యవచ్చు అన్న లెక్క కూడా నియమాలకే వదిలారు. ఇది చిన్న సంగతి కాదమ్మా. చుట్టిన వెయ్యిలో గుప్పెళ్లకు గుప్పెళ్లు పక్కకు తీసి, కూలి కోసి, ఆ తీసిన బీడీలు మాత్రం తిరిగి ఇవ్వని చోట్ల ఆడవాళ్లు ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చిన రోజులు ఎన్నో. ఆ గుప్పెడుకు హద్దు గీసే కాగితం హైదరాబాదులో తయారయ్యేది.

అందుకే శాసనసభలో మన తరఫున ఎవరు కూర్చున్నారన్నది కూడా అంత ముఖ్యం. ఈ విషయంలో ఎల్లారెడ్డి చరిత్ర చెప్పుకోదగ్గది. 1962లో ఎల్లారెడ్డి ఓటర్లు టి.ఎన్. సదాలక్ష్మిని పంపారు. పాకీపని చేసే కులంలో పుట్టి, చదువుకుని, శాసనసభ ఉపసభాపతిగా, దేవాదాయ మంత్రిగా పనిచేసిన మనిషి. 1967లో, తిరిగి 1972లో జె. ఈశ్వరీబాయిని పంపారు. సికింద్రాబాదులో పంతులమ్మగా పనిచేసి, కూతురిని పెంచుకుంటూ, రిపబ్లికన్ పార్టీ తరఫున నిలబడి గెలిచిన మనిషి. ఒకామె సభాపతి స్థానంలో కూర్చుని ‘సరే అన్నవారు, కాదన్నవారు’ అని అడిగింది. రెండో ఆమె ప్రతిపక్షం బెంచీలోంచి సర్కారును ప్రశ్నించింది. సభలు నడవడానికి ఈ రెండు పనులూ కావాలి. ఇద్దరూ దళిత స్త్రీలు. సభల్లో ఆడవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టే ఆ కాలంలో వరసగా మూడు ఎన్నికల్లో ఒక ఊరు ఇలా స్త్రీలనే పంపడం గొప్ప కాదూ? సభల్లో మూడోవంతు సీట్లు స్త్రీలకని రాజ్యాంగ సవరణ 2023 సెప్టెంబరులో గాని పార్లమెంటులో నెగ్గలేదు. అదైనా జనగణన, నియోజకవర్గాల పునర్విభజన జరిగాకనే అమలు అని అందులోనే మెలిక పెట్టారు.

మామూలు రోజు ఇచ్చినట్టే, మామూలు రోజు తీసుకోనూ గలదు. 1976లో పార్లమెంటు మరి రెండు చట్టాలు చేసింది. బీడీల మీద సెస్సు వసూలు చేసి, ఆ డబ్బుతో కార్మికులకు దవాఖానాలు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు, ఇళ్లకు సాయం చెయ్యాలని. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు ఎన్నో సెస్సుల జాబితాలో ఒకటిగా ఈ సెస్సూ పోయింది. ఇక 1966 చట్టాన్నే 2020లో కార్మిక కోడ్‌లలో కలిపేశారు. ఆ సెప్టెంబరు 23న ప్రతిపక్షాలు సభను బహిష్కరించి ఉండగా రాజ్యసభ ఒక్కరోజునే మూడు కోడ్‌లు పాస్ చేసింది. 2025 నవంబరు 21 నుంచి అవి అమలులోకి వచ్చాయి. పాత చట్టం పేరు పోయింది. ఇంట్లో చుట్టే ఆమెను కొత్త కోడ్‌లలో ఏ క్లాజు ఏమంటున్నది, రాష్ట్రం చేసే నియమాలు ఏమంటున్నవి అని చూసుకోవలసిన అవసరం మళ్లీ మొదటికొచ్చింది.

ఇదంతా చదువుకున్న వాళ్ల పని, మనకెందుకు అనకండి. కాంటాలో తంబాకు తూకం సరిగా పడిందా లేదా అని మనం చూసుకోమూ? ఆకు కట్టలో పుచ్చు ఆకులెన్ని అని లెక్కపెట్టుకోమూ? క్లాజు కూడా అలాటి తూకమే. ఓట్లడగడానికి వచ్చిన మనిషిని ‘మా ఊరికి రోడ్డు వేస్తావా’ అని అడుగుతాం. అడగవలసిందే. దానితోపాటు ఇంకొక్క మాట అడగండి: ‘అయ్యా, సభలో గొడవ లేని రోజు నువ్వు కూర్చుంటావా? నియమాల కాగితం సభ ముందుకు వస్తే చదువుతావా? మా గురించి ఒక్క ప్రశ్న అయినా వేస్తావా?’

మీ దగ్గర పాత గుర్తింపు కార్డు ఉంటే, కూలి రాసిన పుస్తకం ఉంటే, పి.ఎఫ్. నెంబరు ఉన్న చీటీ ఉంటే పారెయ్యకండి. పెట్టెలో భద్రంగా దాచండి. మీ బిడ్డ చేత ఒకసారి చదివించుకోండి. పత్రికలో ‘సాధారణ కార్యక్రమాలు’ అన్న ముక్క కనబడినప్పుడు మాత్రం పేజీ తిప్పకుండా ఒక్క నిమిషం ఆగండి. పప్పు మాడనివ్వను, మీ పొయ్యి సెగ కాస్త తగ్గించి చదవమంటాను, అంతే.